ప్రహ్లాదుని మాట – పసిబిడ్డకు భరోసా

మట్టపల్లిలో కృష్ణాతీరాన వెలసిన శ్రీ లక్ష్మీనరసింహస్వామిని సేవించుకొనుటకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి భక్తులు తరలివస్తుంటారు. ఆ స్వామి అవతారకథను మనం హిరణ్యకశిపుని సంహారంగానే స్మరిస్తాము. శ్రీమద్భాగవతంలోని సప్తమ స్కంధాన్ని శ్రద్ధగా పరిశీలిస్తే, అది సొంత ఇంటిలోనే హింసకు గురైన ఒక బాలుని కథ. విషం పెట్టించినవాడు, ఏనుగులచేత తొక్కించబోయినవాడు కన్నతండ్రి. గురువులు సైతం రాజు పక్షమే వహించారు. స్వామి స్తంభం నుండి ఆవిర్భవించినది తన భక్తుని మాటను సత్యం చేయడానికని వ్యాసమహర్షి చెప్పారు. పిల్లవాని మాటను నమ్మడమే రక్షణకు తొలి మెట్టు అని దీని తాత్పర్యం.

అదే స్కంధంలో మరొక ఘట్టమున్నది. గర్భవతియైన కయాధువును ఇంద్రుడు చెరపట్టి తీసుకుపోతుండగా నారదుడు అడ్డగించి విడిపించాడు. భర్త తపస్సు ముగించి వచ్చేవరకు ఆమెను తన ఆశ్రమంలో నిర్భయంగా ఉంచాడు. భయం తీర్చడం, నీడ కల్పించడం, మంచి మాట చెప్పడం ఆ ఆశ్రమం చేసిన పనులు. లైంగిక దాడులకు, హింసకు గురైన పిల్లలకోసం నేడు ఆ పనులు చేయుటకు ఏర్పడినవే భరోసా, సఖి కేంద్రాలు.

తెలంగాణ పోలీసు శాఖ తొలి భరోసా కేంద్రాన్ని 2016లో హైదరాబాదులో ప్రారంభించి, తరువాత జిల్లాలకు విస్తరింపజేసింది. సూర్యాపేట, కోదాడవాసులకు సూర్యాపేటలోను, మిర్యాలగూడవాసులకు నల్లగొండలోను ఈ ఆశ్రయం లభిస్తుంది. బిడ్డ ఠాణాకు, ఆసుపత్రికి, న్యాయవాది వద్దకు తిరుగుతూ అదే వేదనను పదిమందికి పదిసార్లు చెప్పుకొనే దురవస్థను తప్పించడమే వీటి ముఖ్యోద్దేశం. వాంగ్మూలం, వైద్యసహాయం, న్యాయసలహా, మనసుకు ఊరటనిచ్చే కౌన్సెలింగ్ ఒకేచోట సమకూరుతాయి. కేసు విచారణ సాగినంతకాలం కుటుంబానికి తోడుగా నిలుస్తారు.

2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం దీనికి మూలం. 18 ఏళ్లలోపు బాలికలకేగాక బాలురకు కూడ ఇది వర్తిస్తుంది. బిడ్డ ఇంటివద్దగాని, బిడ్డ కోరినచోటగాని వాంగ్మూలం తీసుకోవాలి. అప్పుడు పోలీసు అధికారి యూనిఫాంలో ఉండరాదు. బాలికకు వైద్యపరీక్ష మహిళా వైద్యురాలే చేయాలి. న్యాయస్థానంలో నిందితుడు బిడ్డ కంటబడకుండ చూడాలి. బిడ్డ పేరును, ఊరును, బడిని ప్రచురించరాదు.

"పంతులుగారూ, మా పిల్లకు ఇట్లా జరిగింది, ఏ శాంతి చేయించాలె?" అని కొందరు తల్లులు కన్నీళ్లతో నన్ను అడిగారు. వారికి చెప్పినదే ఇక్కడ చెబుతున్నాను. బిడ్డకు దోషం లేదు, మైల లేదు, ప్రాయశ్చిత్తం లేదు. బలాత్కారానికి గురైన స్త్రీని త్యజింపరాదని వసిష్ఠ ధర్మసూత్రమే శాసించింది. ఇక ఏ పాపమెరుగని పసిబిడ్డ సంగతి చెప్పవలసినదేమున్నది? పాపం చేసినవానిది. దానిని దాచిన పెద్దలకు కూడ అందులో భాగమున్నది.

పరువు పేరిట ఊరి పెద్దలు రాజీ కుదుర్చుట ధర్మవిరుద్ధమేగాక నేరం కూడ. తెలిసియు చెప్పనివారికి ఆరు నెలల వరకు శిక్ష పడవచ్చును. తన కింది ఉద్యోగి నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు శిక్ష ఉన్నది. వేదపాఠశాలలకు, సత్రాలకు ఇందులో మినహాయింపు లేదు. కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో, పిల్లలను బాధించినవారిలో సుమారు సగంమంది వారికి తెలిసినవారేనని తేలింది. కనుక "మనవాడే గదా" అన్న మాట బిడ్డకు రక్షణ కాజాలదు.

భక్తులు చేయగలిగినది స్వల్పమే, దాని ఫలం అనల్పం. బిడ్డ చెప్పినది శాంతంగా వినండి. గుచ్చిగుచ్చి ప్రశ్నించకండి. పేరు పొక్కనీయకండి. 1098కి గాని 112కు గాని వెంటనే ఫోన్ చేయండి. సత్రాలు కట్టించే దాతలు ఆ సంఖ్యలను పిల్లల కంటికి ఆనేటట్లు గోడపై వ్రాయించండి. స్తంభంలో హరి ఉన్నాడన్న బాలుని మాటను స్వామి నిలబెట్టాడు. మన ఇంటి బిడ్డ మాటను నిలబెట్టవలసినది మనమే.