చిలుము తిన్న పుటలు

వెలుగోటిలోనైనను, నంద్యాలలోనైనను, పుల్లమజ్జిగ నిలువయుంచిన రాగిగిన్నెకు పచ్చని చిలుము పట్టుట అందరును చూచినదే. దీని దగ్గరి చుట్టమే మధ్యయుగపు పారశీక, దక్కను చిత్రకారుల పచ్చరంగు. రాగిరేకులకు సిర్కా ఆవిరి తగులనిచ్చి, పట్టిన చిలుమును గీకి తీసెడివారు. రసాయనికముగా అది ముఖ్యముగా రాగి ఎసిటేట్.

మన ప్రాంతమున ఈ కళకు గోలకొండ గొప్ప స్థానము. మన కవులు మల్కిభరాముడని పిలిచిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, 1572లో, జుర్జానీ 12వ శతాబ్దమున రచించిన 'జఖీరా' అను పారశీక వైద్యగ్రంథమునకు బంగారు అలంకారములతో ఒక ప్రతి అక్కడ సిద్ధమైనది. అది నేడు డబ్లిన్ నగరములోని చెస్టర్ బీటీ గ్రంథాలయమున ఉన్నది. వైద్యగ్రంథమునకు ఇంత సింగారమేల అని అడుగవచ్చును. ఆనాటి ప్రభువులకు శాస్త్రగ్రంథమును నగవంటిదే!

కాగితమును గుడ్డపేలికలు, జనుము మొదలగువాని నారతో చేసి, గంజి పట్టించి, నున్నని రాతితో మెరుగుపెట్టెడివారు. అందువలన సిరా లోనికి ఇంకక పైననే నిలుచును. కాటుకను తుమ్మబంకతో కలిపిన నల్లసిరా నాలుగువందల ఏండ్లకును చెడలేదు. కాటుక శుద్ధమైన కర్బనము. దానికి కాగితముతో తగవు లేదు.

తగవంతయు చిలుముతోనే. కాగితమనగా సెల్యులోజు పోగులు. తేమగాలిలో చిలుమునుండి వెలువడు ఆమ్లము ఆ పోగుల గొలుసులను తెంపును. రాగి అయానులు ఉత్ప్రేరకములై, గాలిలోని ఆమ్లజని వానిని మరింత త్వరగా క్షీణింపజేయునట్లు చేయును. పచ్చనిచోటు మొదట గోధుమవన్నె తిరిగి, పెళుసెక్కి, తుదకు రాలిపోవును. చిత్రములో చెట్టు ఉండవలసినచోట చెట్టు ఆకారమున రంధ్రము మిగులును! అయితే ప్రతి పచ్చయు ఇట్టిది కాదు. హరిదళమును నీలిమందుతో కలిపిన పచ్చలో రాగి లేదు; ఆ ఆకులు చెక్కుచెదరవు.

పారశీక చిత్రకారులు ఈ కీడును గుర్తించిరి. చిలుములో కొంచెము కుంకుమపువ్వు కలుపుమని వారి పాత పాఠములు చెప్పుచున్నవి. రంగు కొరకే యని చాలకాలము తలచిరి. కుంకుమపువ్వు ఆమ్లత్వపు హెచ్చుతగ్గులను అదుపుచేసి, కాగితపు క్షయమును మందగింపజేయునని ఇటీవలి ప్రయోగములు చూపినవి. పి.హెచ్. అను మాట పుట్టినది 1909లో. ఆ పాళ్లు అంతకు శతాబ్దముల ముందటివి.

మీ యింటనో, ఎరిగినవారి యింటనో రంగులు పూసిన పాత పుటలున్నచో నీటితో తుడువరాదు, ప్లాస్టిక్ పొరలో అతికింపరాదు. ఎండ, తేమ తగులనీయరాదు. పుట తిప్పునపుడు పచ్చనిచోట వ్రేలు పెట్టక, అడుగున మందపు కాగితమును జొనిపి నెమ్మదిగా ఎత్తవలెను.