నమ్మనివారి సాక్ష్యము

యేసు సిలువపై ప్రాణము విడిచినది క్రీ. శ. 30 ప్రాంతమున. శిష్యులు అంతకుముందే చెదరిపోయినారు. పేతురు ఆయనను ఎరుగనని ముమ్మారు బొంకినాడు. దేహమును అడిగి తెచ్చి రాతి సమాధిలో ఉంచిన అరిమతయి యోసేపు పన్నిద్దరిలోనివాడు కాడు. ఇట్టి సమూహము కొలదికాలములోనే, గురువు మృతులలోనుండి లేచినాడని యెరూషలేములో చాటినది. ఈ విశ్వాసము వారికెట్లు కలిగినది?

పునరుత్థాన భావము ఆనాటి యూదులకు కొత్త కాదు. పరిసయ్యులు దానిని నమ్మినారు, సద్దూకయ్యులు త్రోసిపుచ్చినారు. అయితే నమ్మినవారు ఎదురుచూచినది యుగాంతమున అందరును లేచు దినమునకే గాని, లోకము యథాప్రకారము నడచుచుండగా ఒక్కడు లేచుటకు కాదు. నాయకుడు హతుడైన ఉద్యమము తరచు అతనితోనే అంతరించెడిది. 45 ప్రాంతమున థూదా అనువాడు యొర్దాను నదిని చీల్చెదనని జనమును వెంటబెట్టుకొని పోయినాడు. రోము సైనికులు అతని తల నరికి యెరూషలేమునకు తెచ్చినారు. అంతటితో ఆ కథ ముగిసినది.

మనకు దొరకు సాక్ష్యములలో ప్రాచీనతమమైనవి సువార్తలు కావు. 54 ప్రాంతమున పౌలు కొరింథీయులకు వ్రాసిన లేఖ. అందులో అతడు, తనకు పూర్వులనుండి అందిన జాబితాకు తన పేరును చేర్చినాడు. కేఫా, అనగా పేతురు, పన్నిద్దరు, ఒక్కసారిగా ఐదువందలకు పైబడిన సోదరులు, యాకోబు, అపొస్తలులందరు, కడపట తాను. ఆ ఐదువందలలో అనేకులు ఇంకను బ్రతికియున్నారనుట గమనింపదగినది. కావలసినవారు పోయి అడుగవచ్చునని కదా దాని భావము! తన మనసు మారిన మూడేండ్లకు పౌలు యెరూషలేము పోయి పేతురుకడ పదునైదు దినములున్నాడు, యాకోబును చూచినాడు. ఆ దినముల ముచ్చట వ్రాసిపెట్టియుండిన ఎంత బాగుండెడిది!

ఆ జాబితాలో స్త్రీల పేర్లు లేవు. సువార్తలలోనైతే సమాధికడకు మొదట పోయినవారు స్త్రీలే. నాలుగింటను మగ్దలేనే మరియ ఉన్నది. యూదుల ధర్మశాస్త్రము ప్రకారము స్త్రీ సాక్ష్యము చెల్లదని చరిత్రకారుడు జోసీఫసు వ్రాసినాడు. కథ కల్పింపదలచినవాడు అట్టి సాక్షిని ముందు నిలుపడు. శిష్యులు సైతము వారి మాట నమ్మలేదని లూకా దాచక చెప్పినాడు. ఖాళీ సమాధిని చూచిన మరియకు మొదట తోచినది, దేహమును ఎవరో ఎత్తుకొనిపోయినారనియే. ఎమ్మాయు దారిలో ఇరువురు శిష్యులు తమతో నడచినవానిని పోల్చుకొనలేదు. సాయంకాలము అతడు రొట్టె విరిచినపుడు గాని తెలియలేదు. సమాధి కాదు, ఈ దర్శనములే వారిని మార్చినవి. యేసు లేచుచుండగా చూచితిమని మాత్రము నాలుగు సువార్తలలో ఎవరును చెప్పలేదు.

దుఃఖము తెచ్చిన భ్రాంతి యని వాదించు పండితులు లేకపోలేదు. పేతురు విషయమున ఆ మాట కొంత నిలుచునేమో. పౌలు దుఃఖించినవాడు కాడు, సంఘమును హింసించినవాడు.

యాకోబు సంగతి మరియు విచిత్రము. అతడు యేసు సోదరుడు. యేసు జీవించియుండగా సోదరులు ఆయనను నమ్మలేదని యోహాను సువార్త చెప్పుచున్నది. అతడు ఏమి చూచినాడో, ఏమి విన్నాడో నాలుగు సువార్తలలో ఎక్కడను లేదు. పౌలు జాబితాలో పేరు మాత్రమున్నది. అతడే యెరూషలేము సంఘమునకు పెద్ద యైనాడు. 62లో ప్రధాన యాజకుడు అనాను అతనిని రాళ్ళతో కొట్టి చంపుటకు అప్పగించినాడు. ఈ సంగతిని వ్రాసిపెట్టినవాడు క్రైస్తవుడు కాడు, జోసీఫసు.