సారెపై చేతిఫోను

పిల్లలు చేతిఫోనును విడువకున్నారని మీరు మొరపెట్టుకొనుచున్నారు. మొర న్యాయమైనదే. అయినను ఆ పలకలో నొక చిన్న ప్రయోగశాల దాగియున్నదని కొందఱికే తెలియును.

ఫోనును అడ్డముగా త్రిప్పినచో తెరమీది బొమ్మయు తిరుగును గదా! అది లోపలనున్న త్వరణమాపకము చేయు పని. కంటికి కానరాని చిన్న బరువొకటి సన్నని స్ప్రింగులపై నందులో నూగుచుండును. దీనికి తోడు భ్రమణమాపకమనునది యొకటి గలదు. అందు సిలికాన్ తునకయొకటి యెడతెగక కంపించుచుండును. ఫోను తిరిగినపుడు ఆ కంపనము ప్రక్కకు మరలును. 1835లో కొరియోలిస్ అను ఫ్రెంచి పండితుడు వివరించిన ధర్మమిదియే. ఆ మరలుటను విద్యుత్తుచే కొలిచి, ఎంత వడిగా తిరుగుచున్నదో ఫోను చెప్పును. చౌక ఫోనులలో నిది లేకపోవచ్చును, ముందే చూచుకొనవలెను.

ఈ రెంటిని చదివి గీతగా చూపు ఫైఫాక్స్ అను సాధనమును జర్మనీలోని ఆఖెన్ నగరపు విశ్వవిద్యాలయమువారు 2016లో వెలువరించిరి. దానికి వెల లేదు.

ఇక ప్రయోగము. కుమ్మరి సారెపై నడుమనుండి 10 సెంటీమీటర్ల దూరమున ఫోనును వెల్లకిల నుంచి గట్టిగా కట్టుడు. ఎదుటి వైపున అంతే బరువుంచుడు. సారెను త్రిప్పి చేయి తీయుడు. అది తనంతట నెమ్మదించుచుండగా, తిరుగు వేగమును, నడుమకు లాగు త్వరణమును ఫోను వ్రాసికొనును. సెకనుకొక చుట్టు తిరుగునపుడు ఆ త్వరణము సుమారు 4 ఉండును. నేలకు పడు వస్తువునకు గలుగు త్వరణము 9.8 అని పోల్చుకొనుడు. సెకనుకు రెండు చుట్లయినచో 8 వచ్చునని మీరనుకొందురు. రాదు, సుమారు 16 వచ్చును! వేగము రెండింతలైన లాగుడు నాలుగింతలు. వేగము మార్చక దూరమును రెట్టించినచో మాత్రము లాగుడు రెండింతలే.

సారె దొరకనిచో సైకిలు చక్రమును నేలకు సమముగా నమర్చి త్రిప్పవచ్చును. తిరగలి పనికిరాదు. చేతితో నెట్టినపుడెల్ల వేగము మారి గీత చిందరవందరయగును.

ఈ నాలుగింతల లెక్క బడి పుస్తకముతో తీరునది కాదు. మోటారు సైకిలుపై మలుపు తిరుగు కుర్రవానిని జారనీయక నిలుపునది చక్రమునకును రోడ్డునకును గల పట్టే. గంటకు 30 కిలోమీటర్ల వేగమున తిరిగిన మలుపునే 60తో తిరిగినచో నాలుగింతల పట్టు కావలెను. ఇసుక పడిన రోడ్డు అంత పట్టు నీయదు. మెల్లగా పొమ్మని మీరు పలుమారు చెప్పినను వినని మనుమడు, తన ఫోనే గీసిన గీతను జూచి నమ్మునేమో.

మొదట సారెను మెల్లగానే త్రిప్పనిండు. కట్టు వదలెనా, ఫోను గోడకు తగులును.