నీటిని చిత్రించుట

నేను వృత్తిచేత చిత్రకారుడను గాను. కచేరీ కొలువు చాలించిన పిమ్మట, అరువదవ యేట, మనుమని రంగులపెట్టె తీసికొని కుంచె పట్టితిని. మాది రాజమహేంద్రవరము. దామెర్ల రామారావుగారు (1897–1925) పుట్టిన ఊరగుటచే మాకు చిత్రలేఖనమన్న గౌరవము మెండు; నైపుణ్యము మాత్ర మందరికి నబ్బలేదు. ఎదుట గోదావరి యుండగా వేరొక వస్తువును వెదకనేల యని, రేవున నీదువారిని చిత్రింపబూనితిని.

మొదటి చిత్రమును ముగించి గట్టుపై నారబెట్టగా, పడవవాడొకడు వంగి చూచి, "బాబుగారూ, ఈ మనిషి ఈదుతున్నాడాండీ, ములిగిపోతున్నాడాండీ?" అని యడిగెను. నాకు చిన్నతనమయ్యెను. కారణమేమని యడిగితిని. అతడు చెప్పిన దిది: ఈదువాని దేహము నీటిపై చాపవలె పరచుకొని సాగును, పాదములు నీటి పైమట్టమునకు చేరువగా నుండును. మునుగువాడో, నీటిలో నిలువుగా నుండును. తల వెనుకకు వాలును. చేతులు ప్రక్కలకు చాచి నీటిని క్రిందికి అదుముచుండును. నోరు నీటి యంచున నుండుటచే కేక వేయజాలడు. ఆ పెనుగులాట తరచుగా నొక నిమిషమైనను నిలువదు.

నేను వ్రాసిన మనిషి అచ్చముగా నట్టివాడే. అతని చుట్టు పిల్లలు నవ్వుచు నాడుకొనుచున్నట్లు గూడ వ్రాసితిని! చూడకయే వ్రాసితినని నాకు తెలిసినది.

అమెరికాలో థామస్ ఈకిన్స్ అను చిత్రకారుడు 1885లో ఈతమడుగు చిత్రమును వ్రాసెను. అందులకై ముందుగా ఛాయాచిత్రములు తీసి, నూనెరంగులతో చిన్న నమూనాలు వ్రాసికొనెను. తుదకు తానును ఒక మూల నీట నీదుచున్నట్లు చిత్రించుకొనెను. అంతటివానికే అంత పరిశీలన యవసరమైనప్పుడు నావంటివాని మాట చెప్పనేల? నెల దినములు కుంచె ముట్టక, పెన్సిలుతో గీతలు మాత్రము గీయుచు రేవున కూర్చుంటిని.

అప్పుడు నీటినిగూర్చి కొన్ని సంగతులు గ్రహించితిని. నీరనగానే నీలిరంగు పూయుట మొదటి పొరపాటు. దూరమున నున్న నీరు ఆకాశమును చూపును; పాదముల చెంతనున్న నీరు తన లోపలిదానిని చూపును. తేటనీటిపై నీడ సరిగా నిలువదు. వర్షకాలపు ఎఱ్ఱనీటిపై, గోడమీద పడినట్లు, స్పష్టముగా పడును. తడిసిన భుజముపై మెఱయు వెలుగును తెల్లరంగుతో దిద్దరాదు; అచ్చట కాగితమును ముందే ఖాళీగా విడువవలెను.

అన్నిటికంటె విలువైనది లోతు సంగతి. నీటినుండి వెలువడు వెలుగు పైమట్టమున వంగుటచేత, అడుగు పైకి తేలినట్లు కనబడును. నిలువుగా పైనుండి చూచినను 12 అడుగుల లోతు 9 అడుగులుగా తోచును; ఏటవాలుగా చూచిన నింకను తక్కువగా తోచును. అందుచేతనే నీట నిలిచినవాని కాళ్ళను పొట్టిగా వ్రాయవలెను. దిగుడుబావి మెట్లను చిత్రించునపుడు నే నీ లెక్కను పాటించితిని. కాని లెక్క నా చిత్రముతో ముగియలేదు. మొలలోతే కదా యని గట్టునుండి దూకు బాలుని కన్ను గూడ నిట్లే మోసపోవును. పెద్దలు నడుమునకు సొరకాయబుఱ్ఱ కట్టి, ప్రక్కన తాముండి ఈత నేర్పుట యెంత యుచితమో నాకు బోధపడినది. గట్టున కూర్చున్నవారు కేకకై చెవియొగ్గిన చాలదు. నీటిలో నిలువుగా నిలిచి, కదలక, మాటాడని తలకై కన్నుంచవలెను.

తరువాత ఆ చిత్రమును మరల వ్రాసితిని. పడవవాడు చూచి, "ఇప్పుడు ఈదుతున్నాడండీ" అనెను. మొదటిదానిని నేను చింపివేయలేదు. మనుమలను రేవునకు తీసికొనిపోవు ముందు దానిని వారి యెదుటబెట్టి, ఇందులో ఎవనిని రక్షింపవలెనో చెప్పుడని యడుగుచుందును. చిన్నవాడు మొన్ననే సరిగా చూపెను.