పేరు – పరిధి

హైదరాబాదులో మూసీనదికి ఉత్తరమున బేగంబజారు కలదు. పప్పుదినుసులు, ఎండుఫలములు, పాత్రసామగ్రి మున్నగు సరకుల టోకు వర్తకమునకు అది పేరుగాంచినది. నిజాముల పాలనాకాలమున నగరములో బేరమాడువారు ధరతోపాటు మరియొక సంగతి తేల్చుకొనవలసి యుండెడిది. అడిగినది హాలీ రూపాయియా, కల్దారు రూపాయియా? హైదరాబాదు సంస్థానపు నాణెము హాలీ. బ్రిటిషు ఇండియా నాణెము కల్దారు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 700 హాలీ రూపాయల బాకీకి 700 కల్దారు రూపాయలు చెల్లించినవాడు నూరు రూపాయలు పోగొట్టుకొనును. పేరొక్కటే, అది చెల్లెడి రాజ్యము వేఱగుటచే విలువయు వేఱైనది. హాలీ సిక్కా 1959లో రద్దయినది.

అట్టి చిక్కే కంప్యూటరునకు ఆదేశములు వ్రాయువారికి నేటికిని ఎదురగుచున్నది. విలువలను నిలుపుకొనుటకు వారు పేర్లు పెట్టుదురు. విలువ మారుటకు వీలున్నది చరరాశి. ఒకసారి నిర్ణయించిన పిదప మారరానిది స్థిరరాశి. ప్రోగ్రాములో ఒక పేరు చెల్లెడి మేరను దాని పరిధి యందురు.

ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ పద్ధతికి 1960 దశకమున నార్వే దేశీయులగు డాల్, నైగార్డ్ అనువారు సిమ్యులా భాషతో నాంది పలికిరి. ఇందు క్లాసు అనగా నమూనా. ఆ నమూనా ననుసరించి ఏర్పడిన ఒక్కొక్కటి ఆబ్జెక్టు. ‘అంగడి’ ఒక క్లాసు అనుకొందము. బేగంబజారులోని ఒక్కొక్క అంగడి ఒక్కొక్క ఆబ్జెక్టు. కందిపప్పు ధర ఏ అంగడిది ఆ అంగడిదే. ఒకరు మార్చినచో పొరుగువాని ధర మారదు. బిల్లు వ్రాయునపుడు కూడిన మొత్తము ఆ బిల్లు లెక్కకే చెందును. లెక్క ముగియగానే ఆ పేరును ముగియును. కిలోగ్రామునకు 1000 గ్రాములన్నది మాత్రము అంగళ్లన్నిటికిని ఉమ్మడి. ఏ వర్తకుడును దానిని మార్చజాలడు. కావున దానిని క్లాసున కంతటికిని చెందిన స్థిరరాశిగా ప్రకటింతురు.

ఇచ్చట విద్యార్థులు పొరబడరాదు. స్థిరత్వము వేఱు, పరిధి వేఱు. ఒక బిల్లుకు నిర్ణయించిన ముదరా, అనగా ధరలో తగ్గింపు, లెక్క ముగియువఱకు మారరాదనుకొందము. అదియు స్థిరరాశియే, కాని దాని పరిధి ఆ బిల్లు మాత్రమే.

జావా వంటి భాషలలో అంగడికి ‘ధర’ అను పేరుండగా, లోపలి లెక్కలో మరల ‘ధర’ అనియే వేఱొక చరరాశిని ప్రకటింపవచ్చును. అప్పుడు లోపలి పేరు వెలుపలి పేరును కప్పివేయును. అంగడి ధర పెంచితినని వ్రాసినవాడు తలచును. పెరిగినది లోపలిది, అంగడి ధర యథాతథము. యంత్రము దానిని తప్పనదు. నష్టము లెక్కలు తేలినపుడు గాని బయటపడదు. మరియు ప్రోగ్రాములోని ప్రతి భాగమును మార్చగల పేరైనచో, విలువ చెడినపుడు చెఱిచినది ఏ భాగమో కనుగొనుట కష్టము.

అందుచే పేరునకు పనికి చాలినంత పరిధినే ఈయవలెను. మారనక్కరలేని దానిని స్థిరరాశిగానే ప్రకటింపవలెను. ప్రోగ్రాము చదువువాడును ఒక పేరు కనబడగానే, అది ఎచ్చట ప్రకటింపబడినదో, ఎంతవఱకు చెల్లునో మొదట విచారింపవలెను.