బండిలో వంటగ్యాసు: యాత్రికులకు హెచ్చరిక

పంటపనులు తీరిన పిమ్మట తీర్థయాత్రలకు బోవు మన రైతు కుటుంబములలో కొన్ని బండిలోనే వంట చేసికొనుచున్నవి. పడకలును వంటగదియు గల కారవాను బండ్లును ఇపుడు మన దేశమున అద్దెకు దొరకుచున్నవి. సౌకర్యము మంచిదే, కాని ఇంటికిని బండికిని గల భేదము నెరుగక గ్యాసు వెలిగించుట ప్రాణాపాయము. 2023వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన మదురైలో నిలిపియున్న యాత్రికుల రైలుపెట్టెయందు, నియమవిరుద్ధముగ దెచ్చిన సిలిండరు మూలమున నిప్పంటుకొని తొమ్మండుగురు మరణించిరి.

ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కారినపుడు పైకి పోక, నీటివలె పల్లమున నిలుచును. ఒక లీటరు ద్రవము సుమారు 250 లీటర్ల గ్యాసగును. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసిన చాలును, నిప్పురవ్వతో మండును. పూర్వము ధాన్యపు పాతరను తెరచిన వెంటనే ఎవరును దిగెడివారు కారు. చెడుగాలి యడుగున నిలుచునని మన పెద్దలెరుగుదురు. మూసిన బండియు నట్టి పాతరయే. అయితే పాతరలోనికి దీపమును దింపి చూచెడివారు. ఇచట దీపమే మృత్యువు.

కావున బండి నేలమట్టమున గ్యాసు వెలికి జారిపోవు రంధ్రము లుండవలెను. దుమ్ము వచ్చుననియో, చలి యనియో వానిని గుడ్డలతో మూయరాదు. సిలిండరును మనుష్యులు కూర్చుండు చోట గాక, బయటికి మాత్రమే తెరచుకొను ప్రత్యేకపు అరలో నిలువుగ నుంచి, పట్టీతో బిగింపవలెను. పడుకోబెట్టినచో ఆవిరికి మారుగ ద్రవమే వెలువడును. బండి కదలునపుడు వాల్వు మూసియుండవలెను. పెట్రోలు బంకు చేరకముందే ప్రతి మంటను ఆర్పవలెను.

రబ్బరు గొట్టమునకును, అతుకులకును సబ్బునీరు రాచి పరీక్షింపుడు; బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదన్నమాట. అగ్గిపుల్లతో ఎన్నడును చూడరాదు. చలికి పొయ్యి వెలిగించి, తలుపులు మూసి నిద్రించుట మరియొక ప్రమాదము. అందుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును.

వంటగ్యాసునకును స్వతహాగ వాసన లేదు. కారుట తెలియుటకై దుర్గంధమును కలుపుదురు. ఆ వాసన సోకినచో బండి నిలిపి, ఇంజను నాపి, మంటల నార్పి, అందరిని దింపుడు. విద్యుత్ స్విచ్చులను వేయరాదు, తీయరాదు. తలుపులు తెరచి, వాల్వు మూసి, దూరమునకు బోయి 1906 సంఖ్యకు ఫోను చేయుడు. వాసన పూర్తిగ పోవువరకు బండిని కదపరాదు.

యాత్రకు బయలుదేరు సభ్యులు ఈ పుటను బండి నడుపువానికిని, వంట చేయువారికిని తప్పక చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.