కుకీ అను గుర్తుబిళ్ళ

దేవాలయద్వారము వద్ద చెప్పులు అప్పగించి తీసికొను చిన్న బిళ్ళను ఎరుగని తెలుగువాడు ఉండడు. చెప్పులు కాచువానికి మన ముఖము గుర్తుండనక్కరలేదు. బిళ్ళమీది అంకె చూచి మనవి మనకిచ్చును. వెబ్ బ్రౌజరులోని కుకీ అట్టి బిళ్ళయే. వెబ్ సర్వరుకు స్వతస్సిద్ధముగా జ్ఞాపకము లేదు; ఒక పుట అడిగినవాడే మరుక్షణమున రెండవ పుట అడిగినను, వానిని క్రొత్తవానివలెనే చూచును. 1994లో ఎం.సి.ఐ. సంస్థ ఇంటర్నెట్టుమీద అంగడి నడుపదలచి, బేరము ముగియకముందటి వివరములు తన యంత్రములయందు కాక కొనువారి కంప్యూటర్లలోనే నిలువవలెనని కోరగా, నెట్‌స్కేప్ సంస్థలోని లూ మోంటుల్లీ అను యువకుడు ఈ ఉపాయమును కల్పించెను.

అతని వివేకమును మెచ్చుకొనక తప్పదు. ప్రతి బ్రౌజరుకును ఒక శాశ్వతసంఖ్య తగిలించినచో పని సులభముగా తీరియుండెడిది. కాని అప్పుడు సైట్లన్నియు కలిసి ఒక మనుష్యుని జాడ తీయగలవని తలచి, ఏ సైటు ఇచ్చిన బిళ్ళను ఆ సైటే చూడవలెనని నియమము పెట్టెను. అయినను ఒక కన్నము మిగిలినది. పుటలోని ప్రకటన వేరొక సర్వరునుండి వచ్చునపుడు ఆ సర్వరును తన బిళ్ళను అంటగట్టవచ్చును. పది గుళ్ళవద్దను ఒక్కడే నిలిచి బిళ్ళలిచ్చుచుండిన, మనము ఏ గుడికి ఎప్పుడు పోయినదియు వానికి తెలియును గదా! ఇట్టి థర్డ్ పార్టీ కుకీలను తొలుతనే ఆపియుంచవలెనని 1997లో ఆర్.ఎఫ్.సి. 2109 అను ప్రమాణపత్రము విధించినను, నాటి ప్రధాన బ్రౌజర్లు లెక్కచేయలేదు.

ఆ బిళ్ళ ఎంత మొండిదో ఆస్ట్రేలియా సాంకేతికుడు నిక్ కుబ్రిలోవిచ్ 2011 సెప్టెంబరులో చూపెను. తన బ్రౌజరు ఫేస్‌బుక్కునకు పంపు కుకీలను, లాగౌట్ కాకముందువియు అయినపిమ్మటివియు ప్రక్కప్రక్కన పెట్టి, అతడు పంక్తి పంక్తిగా పోల్చెను. చెరిగిపోవలసినవి కొన్ని చెరగలేదు. ‘ఏ_యూజర్’ అను దానియందు ఖాతాసంఖ్య అట్లే నిలిచియున్నది. కొలది దినములలోనే ఆ సంస్థ దానిని సవరించెను. అమెరికాలో ఈ విషయమై సాగిన వ్యాజ్యము 2022లో 9 కోట్ల డాలర్లకు రాజీ అయినది.

సెట్టింగుల మాటలలోని మెలికయు ఆస్ట్రేలియాలో న్యాయస్థానమునకు ఎక్కినది. ఆండ్రాయిడ్ ఫోనులో ‘లొకేషన్ హిస్టరీ’ని ఆపినను, తొలినుండియు తెరచియుండు ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ అను వేరొక మీట ద్వారా తమ ఉనికి నమోదగుచుండునని కొందరు ఎరుగరైరి. వీధితలుపు గడియ వేసితినని నిశ్చింతగా నున్నవానికి పెరటితలుపు సంగతి చెప్పకుండుట అన్యాయము. వినియోగదారుల కమిషన్ వేసిన వ్యాజ్యముపై, గూగుల్ సంస్థ ఆ వినియోగదారులను తప్పుదారి పట్టించెనని ఫెడరల్ కోర్టు 2021 ఏప్రిల్‌లో తీర్పు చెప్పి, 2022 ఆగస్టులో 6 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను.

సఫారీ 2020లోనే థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపినది. క్రోమ్ ఆపుదునని చెప్పి 2024లో వెనుదీసినది. కావున అందలి మీటను మనమే త్రిప్పవలెను. కుకీలన్నిటిని ఒక్కమారే తుడిచివేసినచో బ్యాంకు మొదలు ప్రతి సైటును మరల పాస్‌వర్డు అడుగును. సైటువారీగా ఏరి తీసివేయుట మేలు. సెట్టింగులలో కుకీలు పెట్టిన సైట్ల పట్టికను తొలిసారి తెరచి చూడుడు: ప్రతిదినమును చదువు పత్రిక పేరుతోపాటు, మీరు ఎన్నడును అడుగుపెట్టని అంగళ్ళ పేర్లు వరుసగా కనబడును.